సైకిలు దిగలేదని

1951 జూలై 3, మంగళవారం

ఏసుపాదాన్ని కొట్టారు. హరిజనవాడ బడిలో మేష్టరు. సైకిలు దిగకుండా మా వీధిలోంచి వెళ్ళాడట. మణికట్టు విరిగింది. కొట్టిన నలుగురిలో మా చిన్నాన్న ఒకరు. నేను తలుపు తీసేసరికి అంతా అయిపోయింది.

జూలై 4

నిన్న 'వెళ్ళాడట' అని రాశాను, 'వెళ్ళారట' అనలేదు. మా హైస్కూలు హెడ్మాస్టరు గురించైతే అలా రాసేవాణ్ణా? చేతికి అలా వచ్చేసింది.

జూలై 6, శుక్రవారం

టీచరు ట్రైనింగులో మనస్తత్వశాస్త్రం చదివాను కదా — ద్వేషం ఎక్కడ పుడుతుందో తెలిస్తే ఆపే దారీ దొరుకుతుందని... ప్రశ్నలు రాసుకుని కొట్టిన నలుగురి దగ్గరికీ వెళ్ళాను. ముగ్గురిదీ ఒకటే మాట. "ముందు నేను కాదండీ, పక్కవాళ్ళు చెయ్యెత్తేరు." మరి ముందెవరు?

చిన్నాన్న కాఫీ తాగుతూ, "నాకు వాడిమీద కోపమేం లేదురా. అందరూ నావంకే చూస్తున్నారు... ఊరుకుంటే ఏమనుకుంటారు?" అన్నారు.

పోయినేడు ఏసుపాదం కూతురికి టైఫాయిడ్ వస్తే అమలాపురం వెళ్ళి మందు తెచ్చిందీ ఈయనే. ఇది ఏ ప్రశ్న కింద రాయను?

జూలై 7

ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

జూలై 12, గురువారం

ఏసుపాదం గారింటికి వెళ్ళాను. చేతికి బద్దల కట్టు. నా కాగితాలు ఎడంచేత్తో తిరగేసి, "కొట్టినోళ్ళనే అడిగేరండి. చూసినోళ్ళని అడగలేదేమండి?"

"ఎవర్ని?"

"ఆవేళ మీ తలుపు తీసే ఉందండి."

...అవును. తీసే ఉంది. గడపలో నిలబడ్డాను. భయమా? ఆయన దిగేస్తే బాగుండునని కూడా అనుకున్నానా? తెలియదు. నిజంగా తెలియదు.

నేను లేస్తుంటే ఆయనే అన్నారు. "సోమారం నుంచి బడికెళ్ళాలండి. తొక్కలేను. మీ సైకిలు వెనకాల కూర్చోబెట్టుకుంటారా అండీ? మీ వీధి మీంచే."

"ఆయ్" అన్నాను. ఎలా అన్నానో.

జూలై 15, ఆదివారం

టైర్లకి గాలి కొట్టాను. కారియరు మీద గోనె మడిచి కట్టాను. చిన్నాన్న అరుగు మీద పేపరు చదువుతున్నారు.

"ఎవర్ని ఎక్కించుకుంటావురా?"

పేరు చెప్పాను. పేపరు దింపారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. "రేపా?" అన్నారంతే.

నామీద చెయ్యెత్తుతారా? అందరూ చూస్తారని ఎత్తుతారా... చూస్తారని మానుకుంటారా?

పిన్ని భోజనానికి రెండుసార్లు పిలిచింది. ఆయన లేవలేదు. ఇప్పటికీ అక్కడే కూర్చుని సైకిలు వంక చూస్తున్నారు.