చిక్కబడ్డ ఓట్స్ పాలు

సోమవారం, ఉదయం 9
ఈ రోజు నుంచి నా నోట్లోకి పాలచుక్క వెళ్లదు. పెరుగు, వెన్న, చీజ్, ఐస్‌క్రీం... అన్నీ బంద్!
పాప బుగ్గల నిండా ఎర్రటి దద్దుర్లు. నా దగ్గర పాలు తాగిన ప్రతిసారీ ఏడుపు. డాక్టరమ్మ తేల్చి చెప్పింది: "నువ్వు తినే పాలపదార్థాలు పాపకి పడటం లేదేమో. మూడు వారాలు పూర్తిగా మానేసి చూడు. అప్పటికీ తగ్గకపోతే నీ పాలు ఆపి, పాలు పడని పిల్లల కోసం చేసే డబ్బా పాలు పట్టిద్దాం."
ఆపడమా? నా గొలుసు గుప్పిట్లో పట్టుకుని తాగే పిల్లని డబ్బాకి అప్పగించడమా? చచ్చినా ఒప్పుకోను.
టీ మాత్రం మానను. పాలు నేనే చేసుకుంటాను. బాదం, ఓట్స్, కొబ్బరి. దేన్నీ వదలను!

మధ్యాహ్నం
బాదం నానబెట్టి మిక్సీ వేశాను. పలచని గుడ్డ దొరక్క పాప లంగోటీలో వడకట్టాను. (కొత్తదే! ఒట్టు!) పాలు తెల్లగా ముద్దొస్తున్నాయి. నాలో ఇంత పనిమంతురాలుందని నాకే తెలీదు.

మంగళవారం, సాయంత్రం
టీలో పోయగానే విరిగిపోయాయి. పైన నీళ్లు, అడుగున ఇసుక.
మా ఆయన లిఫ్టుల మెకానిక్. లోకంలో ఏది చెడిపోయినా ఆయన దగ్గర ఒకటే మందు. "ఒకసారి ఆపేసి మళ్లీ ఆన్ చెయ్" అన్నాడు. టీని!
నాన్న ఒక గుక్క తాగి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఏళ్ల తరబడి బేకరీలో పిండి పిసికి రిటైరైన మనిషి. పాప పుట్టినప్పటి నుంచి మా ఇంట్లోనే ఉంటూ వంటిల్లు చూసుకుంటున్నాడు.

గురువారం
ఓట్స్ పాలు. వేడి చేయగానే జిగురు. గోడలకి పోస్టర్లు అంటించుకోవచ్చు.

శుక్రవారం
కొబ్బరి పాలు. తలకి నూనె పెట్టుకుంటూ టీ తాగినట్టుంది.

శనివారం
దద్దుర్లు తగ్గుతున్నాయి!! పాప తాగి, ఏడవకుండా నిద్రపోయింది. ఎగిరి గంతేశాను.
సాయంత్రం మాత్రం టీ వేళకి నాకే ఏడుపొచ్చింది. ముష్టి కప్పు టీ కోసం! నాన్న చూడనే చూశాడు. "ఊరుకో తల్లీ, రేపు టీ నేను పెడతాగా" అన్నాడు.

ఆదివారం
అద్భుతం! ఓట్స్ పాలు చిక్కగా, కమ్మగా కుదిరాయి! విరగలేదు, జిగురు లేదు. ఈసారి చన్నీళ్లు వాడాను, రహస్యం అదే అయ్యుంటుంది.
మా ఆయన రుచి చూసి, "అచ్చం పాలలాగే ఉన్నాయే!" అన్నాడు.
"మరేమనుకున్నావ్ నన్ను?" అన్నాను. పై వాటాలో సంగీతం టీచరుకి తయారీ విధానం కూడా చెప్పాను. అడగలేదు, నేనే చెప్పాను.

బుధవారం
దద్దుర్లు మళ్లీ వచ్చాయి. ఎండ వల్లేమో. కొత్త సబ్బు వల్లేమో.

గురువారం
ఎండా కాదు, సబ్బూ కాదు. పాప గుక్కపెట్టి ఏడుస్తోంది.
"ఎక్కడైనా ఏమైనా తిన్నావా?" అన్నాడు మా ఆయన.
నేనా! కడుపు మాడ్చుకుంటున్న నన్నా! మాటలు బంద్.

శుక్రవారం
ఇంత నిష్ఠగా ఉన్నా తగ్గలేదంటే కారణం పాలు కాదన్నమాట. అలాంటప్పుడు ఎందుకీ శిక్ష?
ఫ్రిజ్ ముందు నిలబడి గ్లాసుడు చల్లటి పాలు తాగేశాను. రొట్టె మీద వేలెడు మందాన వెన్న. తర్వాత క్రీం కేకు. తర్వాత ఇంకో ముక్క.
కడుపు నిండింది, మనసు నిండలేదు. నాన్నతో చెప్పేశాను: "సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్లి డబ్బా పాలు రాయించుకొస్తాను. నా పాలు ఆపేస్తాను నాన్నా." చెప్పి, పాపని ఒళ్లోకి లాక్కున్నాను.

శనివారం, ఉదయం
నాన్న ఒక డబ్బా తెచ్చి బల్లమీద పెట్టాడు. పాలపొడి!
"చెంచాడు పొడి కూడా పాల కిందకే వస్తుందా తల్లీ?"
"నాన్నా!"
"పిండైనా పాలైనా పలచబడితే గుప్పెడు పొడి వేస్తాం. బేకరీ చెయ్యి కదా, ఊరుకోలేదు, నీ ఓట్స్ పాలలో కలిపేశాను. టీ కోసం నువ్వు అలా ఏడుస్తుంటే చూడలేకపోయాను. పాలు పోస్తే తప్పుగానీ, పొడికి ఏముందిలే అనుకున్నాను."
పట్టరాని కోపం వచ్చింది. నోరు తెరిచాను. తెరిచాక తట్టింది. అంటే మొదటి వారం దద్దుర్లు తగ్గింది నేను పాలు మానినందుకే! అంటే నా పాలు ఆపక్కర్లేదు!
నవ్వాను, ఏడ్చాను, నాన్నని కావలించుకుని వీపు మీద రెండు గుద్దాను. ఆయనా ఏడ్చాడు.

సోమవారం
డాక్టరమ్మ నవ్వాపుకుంటూ మూడు వారాల లెక్క మళ్లీ మొదలుపెట్టమంది.
ఈ రోజు నుంచి నా నోట్లోకి పాలచుక్క వెళ్లదు. పొడి కూడా!
"చెప్పానా, ఆపేసి మళ్లీ ఆన్ చేస్తే చాలని" అన్నాడు మా ఆయన.
సాయంత్రం నా ఓట్స్ పాలతో నాన్న రెండు కప్పుల టీ పెట్టాడు. ఒకటి నాకు, ఒకటి తనకి. పాప నా ఒళ్లో గొలుసు పట్టుకుని తాగుతోంది. కప్పులోకి తొంగి చూశాను. టీ ముక్కలు ముక్కలుగా విరిగిపోయింది.
ఇంత ఆనందంగా విరిగిన టీ ఎన్నడూ తాగలేదు.