హాల్లో బిగించి ఉన్న పాత బల్ల

ఏవండీ, హాల్లో ఉన్న పాత భోజనాల బల్లని ముట్టుకోకండి. కాళ్ళ అతుకులకి జిగురు పెట్టి తాళ్ళతో బిగించాను, రేపు సాయంత్రానికి గానీ ఆరదు. మా నాన్న చేసిన టేకు బల్లని అంత టేకిటీజీగా పాతసామాన్ల బండి ఎక్కించారు కదా, నేను వీధి చివరిదాకా పరిగెత్తి దించుకున్నాను. పాత రంగు గీకితే లోపల చెక్క చెక్కుచెదరలేదు. తాడు ఒరుసుకోకుండా అడ్డం పెట్టడానికి ముక్కలు కావాల్సొచ్చి, మీరు కొనుక్కొచ్చిన కొత్త బల్లని రంపంతో కోశాను. దాని పొట్టనిండా పొట్టే. ఈ పూటకి పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తినండి.

అన్నట్టు, కొత్త బల్ల చూడ్డానికి ఆదివారం భోజనానికి పిలిచిన మీ ఆఫీసువాళ్ళని రావద్దనకండి. పాతదాని మీదే వడ్డిస్తాను. ఇరవై ఏళ్ళు అన్నం తిన్న బల్లని బండెక్కించింది ఎవరో మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా, అప్పటికి తేల్చుకోండి.