పిలుపు పేరుకు గడి లేదు

మాయాబందర్,
12-3-2012.

పునరావాస విభాగపు అధికారి గారికి,

అయ్యా,

విషయం: సునామీలో తప్పిపోయిన నా భర్త నమోదును పాత జాబితా ప్రకారం అంగీకరించుట గురించి.

1. నా భర్త వడ్రంగి. 2004 డిసెంబరులో పని మీద నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే వెళ్లి తిరిగి రాలేదు. జనవరిలో నేను పోర్ట్‌బ్లెయిర్ శిబిరంలో నమోదు చేయించితిని.

2. అక్కడ విశాఖపట్నం నుంచి వచ్చిన హిమబిందు అనే ఇంజనీరు అమ్మాయి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో పేర్లు ఎక్కించుచుండెను. దాని లోపలి రాత అందరికీ తెరిచే ఉంటుందట, తెలిసినవారు ఎవరైనా మార్చుకోవచ్చునట. భర్త పేరు అడిగితే మా అమ్మాయి పేరు పెట్టి "కావేరి నాన్న" అన్నాను. మనిషి జాడ తెలియనప్పుడు పెళ్లాం మొగుడి పేరెత్తితే ఆయన ఆయుష్షు తగ్గునని మాలో పట్టింపు. వచ్చాక ఆయనే చెప్పుకుంటాడనుకున్నాను. వరుసలో నా వెనకున్న ఆడవాళ్లూ అలాగే చెప్పారు. ఆ అమ్మాయి విసుక్కోలేదు. సాయంత్రానికల్లా "ఇంట్లో పిలిచే పేరు" అని కొత్త గడి చేర్చి అందరినీ ఎక్కించింది.

3. తదుపరి తమ కార్యాలయం వారు ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ కొన్నారు. అందులో ఆ గడి లేదు. అసలు పేరు లేని మా వరుసలు అందులోకి ఎక్కలేదు. పాత కంప్యూటర్లు తుక్కు కింద పోయినవి.

4. ఇంటి స్థలం ఆయన పేరున ఉంది. పట్టా మారుటకు మరణ ధ్రువపత్రం కావలెను. తప్పిపోయినవారికి నమోదైన ఏడేళ్లకు గానీ అది ఇవ్వరట. ఇప్పుడు పేరిస్తే ఇప్పటి నుంచే ఏడేళ్లు లెక్కిస్తామని గుమస్తా గారు చెప్పిరి. ఏడేళ్లు నాకు అయిపోయినవి.

5. హిమబిందుకు ఫోన్ చేయించాను. జాబితా కాపీ తన దగ్గర ఉందని, ఉచితంగా పంపుతానని అన్నది. "ఆ కంపెనీ కూడా మా ఓపెన్ సోర్స్ మీదే కట్టుకుంది, బుల్లమ్మ గారూ. పునాది అందరిదీ, తాళం వాళ్లది" అన్నది. ఆ కాపీ సంగతి చెప్పితే గుమస్తా గారు నవ్వారు. "మాలిక్ లేని సాఫ్ట్‌వేర్‌కి మొహర్ ఎవరు వేస్తారు దీదీ?" అన్నారు. యజమాని లేనిదానికి ముద్ర పడదట.

ఇది నాలుగో అర్జీ. తమరు చిత్తగించి, కాపీ చెల్లునో చెల్లదో కాగితం మీద తెలుపవలెను.

తమ విధేయురాలు,
మైలపల్లి బుల్లమ్మ

తా.క.: భర్త పేరు లేని అర్జీ తీసుకోబోమని ఈ పూట వెనక్కిచ్చారు. పేరు మైలపల్లి నూకయ్య. నా చేత్తోనే రాశాను. ఇక ఆయన వస్తాడని అనుకోవడం లేదు.