గవ్వ మీద బుడిపె

మహారాజశ్రీ కంపెనీ అధిపతులు, నా శ్రీవారు గారికి,

నాకు కోపం వచ్చినప్పుడే మిమ్మల్ని మీరు అంటానని తెలుసు కాబట్టి, పై వరుస చదవగానే కుర్చీలో సర్దుకుని కూర్చునే ఉంటారు. బాగా కూర్చోండి. ఈ మర్యాద నావల్ల ఎక్కువసేపు కాదు, ఇక్కడితో ఆపేస్తున్నాను.

ఫోన్లు తయారుచేసేవాడికి కాగితం మీద ఉత్తరమేమిటని నవ్వకు. నీ మకాం ఫ్యాక్టరీలోనే, ఇంటికి చుట్టంలా వచ్చిపోతావు. ఫోన్ చేస్తే నీ సెక్రటరీ ఎత్తుతుంది. మెసేజ్ పెడితే తనే చదివి, "నోట్ చేసుకున్నాం మేడమ్, సార్ ఫ్యాక్టరీలో బిజీగా ఉన్నారు" అని జవాబిస్తుంది. పెళ్ళాం మాట నోట్ చేసుకునే సంగతి ఎప్పట్నుంచి అయిందయ్యా? అందుకే కవరు మీద "స్వయంగా విప్పవలెను" అని పెద్దక్షరాలతో రాశాను. ఆ అమ్మాయి దీన్ని విప్పదులే. నీకంటే నేనంటేనే దానికి ఎక్కువ భయం.

లాయరుగారు కొత్త గవ్వ ఫోను బొమ్మ ఉన్న కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టారు. కింద నీ సంతకం ఉంది, పక్కన నాకోసం ఖాళీ వదిలారు. మనిద్దరి సంతకాలూ లేనిదే మన వస్తువేదీ ఫ్యాక్టరీ దాటకూడదని మొదట్లో మనం రాసుకున్న నియమం ఇప్పటికీ బతికే ఉంది కదా. సరే, విను. నేను సంతకం పెట్టను. పెట్టనంటే పెట్టను.

ఎందుకో నీకు తెలుసు. అయినా చెబుతాను, నోట్ చేసుకో.

మొదటి గవ్వ అత్తయ్య టైపు ఇన్‌స్టిట్యూట్ వెనక గదిలో పుట్టింది. ముందు గదిలో అత్తయ్య స్కేలు పట్టుకుని పిల్లల చేత టకటకా టైపు కొట్టిస్తుంటే, వెనకాల మనం టంకం పొగలో దగ్గుకుంటూ కూర్చునేవాళ్ళం. చేతిలో చిల్లిగవ్వ లేదు కాబట్టి ఫోనుకు గవ్వ అనే పేరు పెడదామని నువ్వే అన్నావు. సబ్బుబిళ్ళంత మందంగా ఉండేది. వెనక మూత గోరుతో లేపితే ఊడొచ్చేది. బ్యాటరీ తీసి, ఉఫ్ మని ఊది, మళ్ళీ పెడితే సగం జబ్బులు కుదిరేవి. చూపుకి అందగత్తె కాదు పాపం, చేతిలో మాత్రం ఒదిగి కూర్చునేది.

దాని పక్కన ఒకే ఒక్క బటన్. వేలికి దొరికేది కాదు. ఆ రోజు నువ్వేం చేశావో మరిచిపోయావేమో గానీ నేను మరిచిపోలేదు. పిల్లల చూపుడు వేళ్ళు చూడకుండానే చోటు కనుక్కోవాలని అత్తయ్య ప్రతి టైపు మిషను మీదా రెండు కీలకు గోళ్ళరంగు బొట్లు పెట్టేది. నువ్వు ముందు గదిలోకి పరిగెత్తి ఆ సీసా అడిగి తెచ్చావు. బటన్ మీద ఒక్క ఎర్ర చుక్క వేశావు. అది ఎండి గట్టిపడేదాకా ఊదుతూ కూర్చున్నావు. తర్వాత కళ్ళు మూసుకుని బొటనవేలితో తడిమి, "దొరికిందే!" అని అరిచావు. ముందు గదిలో టైపు చప్పుడు ఆగిపోయింది. ఆ బుడిపే మన కంపెనీ. మిగతాదంతా తర్వాత వచ్చింది.

నొక్కి పట్టుకుంటే, ముందే అందులో పెట్టుకున్న మనిషికి ఫోన్ వెళ్తుంది. ఊరికే నొక్కితే టక్కుమంటుంది. ఏదైనా ఆలోచించేటప్పుడు టక్ టక్ మని దాన్నే నొక్కుతూ కూర్చునేవాడివి. నా ప్రాణం తీసేవాడివి.

ఆ తర్వాత గవ్వకు తెర పెరిగింది, నడుం సన్నబడింది. వెనక మూత అతికించేశావు. పోట్లాడాను, ఓడాను. ఇయర్‌ఫోన్ పెట్టుకునే చిల్లు పూడ్చేశావు. పూడ్చి, వైరు లేని చెవిగవ్వలు అమ్మావు. ఉన్న చిల్లు మూసేసి, అది లేని లోటు తీర్చే వస్తువు అమ్మిన ఘనుడివి నువ్వు! అయినా జనం కొన్నారు, బాగున్నాయన్నారు, నేనూ పెట్టుకుంటున్నాను. గవ్వ వాచీ వచ్చింది, గవ్వ ట్యాబ్ వచ్చింది. ఊరుకున్నాను. ఎందుకంటే వాచీ పక్కనా, ట్యాబ్ అంచునా, చివరికి చెవిగవ్వల డబ్బా మీద కూడా ఆ బుడిపె ఉంది. చీకట్లో సంచీలో చెయ్యి పెట్టి ఇది మనదే అని చెప్పగలిగేదాన్ని.

ఈ కొత్తదానికి అది లేదు. నాలుగు వైపులా నున్నటి గాజు. మీటింగులో నేను ఆ మాట అడిగితే నువ్వేమన్నావు? "మా ఆవిడ మొదటి గవ్వ దగ్గరే ఆగిపోయింది" అన్నావు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చాను. నన్ను వెక్కిరించినందుకు కాదు. ఆ బుడిపె నాది కాదు, నీది. నీ మంచి ఆలోచనను నీ నుంచి కాపాడుకునే గతి నాకు పట్టిందని ఏడ్చాను.

ఇంకో మాట. ఈసారి అత్తయ్య పరీక్ష ఎందుకు జరగలేదు? కొత్త వస్తువేదైనా ముందు ఆవిడ చేతిలో పెట్టడం, ఎవరూ నోరు విప్పకుండా నిలబడటం, ఆవిడంతట ఆవిడ నీకు ఫోన్ చేయగలిగితేనే పాసు అనడం మన పద్ధతి కదా. సాయం చేయబోయిన ఇంజనీర్ల వేళ్ళ మీద స్కేలు దెబ్బలు కూడా పడ్డాయి. జవాబు చెప్పు. సెక్రటరీ చేత కాదు.

సంతకం పెట్టని
నీ భార్య


పరీక్ష ఎగ్గొట్టినవాడికి,

నువ్వు జవాబు రాయలేదు, స్పీకరును పంపించావు. అమ్మకాలు చూసే పెద్దమనిషికి ఆ పేరు ఎవరు పెట్టారో గానీ సరిగ్గా పెట్టారు. గుమ్మంలో నిలబడి "నమస్కారం" అంటే వంటింట్లో గిన్నెలు మోగాయి. "అమ్మగారి పరీక్ష అయిపోయింది మేడమ్, ప్రకటన సినిమా చూడండి" అని ట్యాబ్ నా ముందు పెట్టాడు.

చూశాను. అత్తయ్య చెయ్యి, చేతిలో కొత్త గాజు గవ్వ. బొటనవేలు అంచు మీద కదిలింది, ఫోన్ కలిసింది, అత్తయ్య నవ్వింది. కింద "మా అమ్మ మెచ్చిన గవ్వ" అని అక్షరాలు. ఒక్క క్షణం నేనే తప్పేమో అనుకున్నాను. నిజం చెబుతున్నాను, సంతకం పెట్టేద్దామని కలం కూడా వెతికాను.

అప్పుడు అత్తయ్యను అడిగాను. ఆవిడ మామూలుగా చెప్పింది.

"అవునమ్మాయ్, మొన్న వాడొచ్చి, నాకోసారి ఫోన్ చెయ్యమ్మా, వీళ్ళు వీడియో తీసుకుంటారు అన్నాడు. చేశాను. టక్కుమంది. ఏం?"

"కొత్తదానికి టక్కు లేదత్తయ్యా."

ఆవిడ తన బొటనవేలు తడుముకుంది. స్పీకరు గొంతు తగ్గించి అసలు సంగతి ఒప్పుకున్నాడు. అది చూడ్డం నాకదే మొదటిసారి. ఆవిడ పాత గవ్వతోనే నీకు ఫోన్ చేసింది. తర్వాత కంప్యూటర్లో ఆ చేతిలో కొత్తదాన్ని అతికించారు. బుడిపెను చెరిపేశారు. ఎవరి బుడిపె? ఎవరి చేతిలోంచి? నీకు చెయ్యెలా వచ్చిందసలు!

స్పీకరు సంచీలో కొత్తది ఉంటే లాక్కుని అత్తయ్య చేతిలో పెట్టాను. ఆవిడ అటు తిప్పింది, ఇటు తిప్పింది. "ఇందులో ముందేది, వెనకేది?" అంది. స్పీకరు ఉండబట్టలేక, "నోటితో చెప్పండమ్మా, అదే చేస్తుంది" అన్నాడు.

"నా కొడుకుతో మాట్లాడటానికి ముందు దీన్ని బతిమాలుకోవాలా?" అని ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది అత్తయ్య. కోప్పడుతుందేమో, విసిరేస్తుందేమో అనుకున్నాను. ఏమీ చేయలేదు. నాకదే భయమేసింది.

నేను సంతకం పెట్టకపోతే వచ్చే మీటింగులో ఇద్దరి సంతకాల నియమమే ఎత్తేస్తారని స్పీకరు పోతూ పోతూ చెప్పాడు. ఎత్తేసుకో. నేనూ వస్తాను. అందరి ముందూ ఆ సినిమా వేయించి, ఆ చేతిలో ఉన్నది ఇది కాదని నా నోటితోనే చెబుతాను. నన్ను కంపెనీలోంచి పంపించేస్తే వెనక గది ఖాళీగానే ఉంది. బెదిరింపులు నా దగ్గర కాదు, ఇక్కడ నీ పప్పులుడకవు.

అత్తయ్య అటక మీది టైపు మిషను దింపమంటోంది. ఎందుకో చెప్పడం లేదు.

ఇప్పటికీ సంతకం పెట్టని
నీ భార్య


చిరంజీవి అబ్బాయికి,

అమ్మ ఆశీస్సులు. ఆశీస్సులు అయ్యాయి, ఇక తిట్లు.

నీ కొత్త ఫోనుతో నీకు ఫోన్ చేద్దామని పొద్దున్నించీ కూర్చున్నాను. చేతకాలేదు. అందుకని ఉత్తరం రాస్తున్నాను. నీ కంపెనీ ఎంత ముందుకు పోయిందో చూడు.

ఇది నేనే టైపు చేస్తున్నాను. తప్పులుంటే సర్దుకో. రిబ్బను పాతది, కళ్ళు అంతకంటే పాతవి. కళ్ళ సంగతి నీ దగ్గర దాచాను. వెలుతురు ఉందో లేదో తెలుస్తోంది, అంతే. నీ భార్యకు తెలుసు, నేనే నోరు మూయించాను. నీకు తెలిస్తే పనులన్నీ మానుకుని నన్ను డాక్టర్ల చుట్టూ తిప్పుతావు. తిప్పాల్సినంతా ఆ పిల్లే తిప్పింది. ఇక లాభం లేదన్నారు. నువ్వొచ్చి, చిక్కిపోయానా అమ్మా అని అడిగినప్పుడల్లా, కాస్త చిక్కావురా అంటున్నాను. నువ్వు లావెక్కావని ఆ పిల్ల నవ్వుతోంది.

నాకు నీ మొహం అక్కర్లేదురా నాన్నా, నీ గొంతు చాలు. ఎప్పుడు తోస్తే అప్పుడు, ఎవర్నీ అడక్కుండా, నా వేలితో నేను నీ దగ్గరికి వచ్చేదాన్ని. ఇప్పుడు ఆ దారి మూసేసి, తెరిచే ఉందని నా చేతినే చూపించి అమ్ముతున్నావు. నా చెయ్యి నాది. అప్పివ్వలేదు నీకు.

నీకు పరీక్ష పెడుతున్నాను. నీ కొత్త ఫోన్ తీసుకుని, కళ్ళకు తువ్వాలు గట్టిగా కట్టుకుని, ఫ్యాక్టరీ మిషన్ల మధ్య, నీ గొంతు దానికి వినబడని చోట నిలబడి నాకు ఫోన్ చెయ్యి. చేయగలిగితే కోడలి చేత నేనే సంతకం పెట్టిస్తాను, తను ఒప్పుకుంది. చేయలేకపోతే ఆ సినిమా ఆపు. పక్కన ఎవడూ సాయం చేయకూడదు. కాపీ కొడితే నాకు తెలిసిపోతుంది.

మీ అమ్మ
టైపు టీచరు, ఇంకా రిటైరు కాలేదు


నా మొండి మొగుడికి,

నీ పరీక్ష ఫలితాలు నీకంటే ముందు మాకే తెలిశాయి.

గాజు మీద నీ వేలు ఎవరెవరి మీద పడిందో గానీ, మొదట లాయరుగారు ఫోన్ చేశారు. "'అమ్మా, వినబడుతోందా' అన్నారండీ సార్ నాతో. ఆయన ఒంట్లో బాగానే ఉందా?" అని కంగారుపడ్డారు. తర్వాత స్పీకరు. నీ పిలుపు విని గట్టిగా "ఎవరూ!" అన్నాడట, నువ్వు జడిసి ఫోన్ పెట్టేశావట. ఆ తర్వాత మన సెక్రటరీ: "సార్ నన్ను అమ్మా అని పిలిచారు మేడమ్. ఇది కూడా నోట్ చేసుకోవాలా?" నేనూ అత్తయ్యా నవ్వలేక చచ్చాం. చాలా రోజులకు ఆవిడ కడుపారా నవ్వింది.

అప్పుడు మోగింది ఇంటి ఫోను. అత్తయ్య పక్కనే నిలబడి అంతా విన్నాను. "అమ్మా, చేశాను" అన్నావు. ఆవిడ తొణకలేదు.

"పాతదానితో చేశావురా. మిషన్ల మోతలో కూడా టక్ టక్ మంటోంది."

ఆలోచిస్తూ నొక్కుతున్నావు, పాత అలవాటు. నాకు కోపమంతా జారిపోయినంత పనైంది. నాలుగు వైపులా గాజు అమ్ముతూ, నీ జేబులో మాత్రం ఇన్నాళ్ళూ బుడిపె పెట్టుకుని తిరుగుతున్నావన్నమాట! "కళ్ళు ఎప్పట్నుంచమ్మా?" అన్నావు. నువ్వు ముక్కు చీదిన చప్పుడు కూడా వినబడింది. ఆవిడ "పరీక్ష హాల్లో మాట్లాడకూడదు" అంది గానీ, చెంగుతో కళ్ళు తుడుచుకుంది. అదీ నీకు కనబడలేదు, అందుకే రాస్తున్నాను.

మర్నాడు నీ మెసేజ్ వచ్చింది. ఈసారి నువ్వే రాశావని అక్షరదోషాలు చూసి తెలుసుకున్నాను. సినిమా ఆపించానన్నావు. సంతోషం. ఫోను అచ్చులు పోతపోసేశారు కాబట్టి ఈ ఒక్కదానికి సంతకం పెట్టు, వచ్చేసారి తప్పకుండా బుడిపె పెడదాం అన్నావు. వచ్చేసారా? వెనక మూత అతికించినప్పుడూ వచ్చేసారి అనే అన్నావు. వచ్చేసారి అంటే నీ లెక్కలో ఎప్పటికీ కాదనే అర్థమని నాకు తెలియదా? నువ్వు ఏడ్చావని నేను కరిగాను గానీ, మెత్తబడలేదు. అచ్చులు పగలగొట్టించు. ఆలస్యమైతే కానీ. తిట్టేవాళ్ళుంటే నా దగ్గరికి పంపించు, నేనూ అత్తయ్యా ఖాళీగానే ఉన్నాం.

లాయరుగారి కాగితం దీనితో పంపుతున్నాను. దాని మీద కొత్త గవ్వ బొమ్మ ఉంది కదా. నిన్న అత్తయ్య పాత గవ్వను నా చేత ఆ బొమ్మ మీద పెట్టించుకుని, అంచు వెంట వేలు నడిపించుకుంటూ పోయి, ఒకచోట ఆగింది. "సీసా ఇవ్వమ్మాయ్" అంది. ఒక్క ఎర్ర చుక్క వేసింది. ఎండేదాకా తనే ఊదింది, నన్ను ఊదనివ్వలేదు.

ఆ చుక్క కిందే నా సంతకం పెట్టాను. నువ్వు ముందు పెట్టింది కొట్టేశాను, అది వేరే ఫోనుకు పెట్టింది. ఇప్పుడు మిగిలింది నీ సంతకమే. కళ్ళు మూసుకుని వేలితో తడిమి చూడు, ఎక్కడ పెట్టాలో నీకే దొరుకుతుంది.

సంతకం పెట్టిన
నీ భార్య