తోడికోడలి చాప

సోమందేపల్లి,
ఫిబ్రవరి 1998

అక్కా,

ఇక్కడ అందరూ బాగున్నారు, నేను తప్ప. నువ్వు నాకొక సాయం చేయాలి. నీకు ఒంట్లో బాగాలేదనీ, నన్ను వారం రోజులు ధర్మవరం పంపమనీ మా అత్తకు ఒక కార్డు రాయి. నేనొచ్చాక నువ్వు నాకు ఈతాకు చాప అల్లడం నేర్పాలి. నువ్వు అమ్మ దగ్గర నేర్చుకునేటప్పుడు నేను బడికి పోయేదాన్ని కదా.

మా కొత్త తోడికోడలు శశికళ హిందూపురంలో పెరిగిన పిల్ల. ఈత మట్టకు ముళ్లుంటాయని కూడా తెలియదు. అలాంటిదాన్ని అత్త రోజూ వంక గట్టుకు తీసుకుపోయి ఆకు కోయిస్తోంది, పక్కన కూర్చోబెట్టుకుని అల్లిస్తోంది. వాళ్ల నవ్వులు నాకు వంటింట్లోకి వినిపిస్తాయి. నాకూ నేర్పమని అడిగితే, "నువ్వొస్తే పొయ్యి కాడ ఎవరుండాలమ్మా? దానికి సంగటి కెలకను కూడా రాదు, ఇదన్నా నేర్చుకోనీ" అంది. పని రావడమే నా తప్పయింది.

నిన్న శశికళ మొదటి చాప పూర్తయింది. అంచు ఒకవైపు ఒంపు తిరిగింది. అత్త దాన్ని తెచ్చి నాకే పరిచింది. "పెద్దకోడలివి, ముందు నువ్వే పండుకోవల్ల" అంది.

పొద్దున్నే శశికళ వచ్చి, "ఎట్లుండాది అక్కా?" అని అడిగింది. "ఒళ్లంతా గుచ్చుకుంటాంది" అన్నాను. దాని మొహం చిన్నబోయింది.

నిజానికి ఆ చాప మీద పడుకున్నదాన్ని తెల్లవారేదాకా కదలకుండా హాయిగా నిద్రపోయాను. అందుకే ఈ ఉత్తరం అందిన రోజే కార్డు వేయి.

నీ చెల్లెలు