బాపు గొంగడి

ఆలేరు,
జూలై 12, 2023

చెల్లె బీరమ్మకు,

ఇక్కడ అందరం బాగున్నాం. నా మనుమరాలు హరిత బడిలో స్కైలాబ్ గురించి వ్యాసం రాయాలట. ఆకాశంలో తిరిగిన ఆ ఇంట్లో ఒక్కో విడతకు ముగ్గురు ఉండేవారట, గోడకు కట్టిన సంచుల్లో దూరి నిలువునా నిద్రపోయేవారట. "అది మీద పడతదంటే మీకు బుగులు కాలేదా అవ్వా?" అని అడిగింది. ఎట్లాగూ చస్తామని ఊరంతా గొర్రెలు కోసుకు తిన్న సంగతి చెప్పాను. మిగతాది చెప్పలేదు.

డెబ్బై తొమ్మిదిలో, అది పడుతుందన్న రోజు, మన గొర్రెల మంద దగ్గర బాపు నిన్ను తన గొంగడిలోకి లాక్కున్నాడు. నేనూ దూరబోతే, "నువ్వు పెద్దదానివి బిడ్డా, జర గా మిగిలిన గొర్రెపిల్లలను సూడు" అన్నాడు. అప్పుడు నీకు ఏడేళ్లు. నాకు తొమ్మిది.

స్కైలాబ్ ఎక్కడో దూరంగా పడింది. నువ్వు మాత్రం ఇన్నేళ్లుగా, "బాపు నన్ను గొంగట్ల దాసిండు" అని ప్రతి పెళ్లిలోనూ చుట్టాలకు చెబుతూనే ఉన్నావు. బాపు పోయినప్పుడు ఆ గొంగడి కూడా నువ్వే తీసుకుపోయావు.

హరిత దాన్ని బడిలో చూపిస్తుందట. మీ నల్గొండ నుంచి ఇటు వచ్చేవాళ్లెవరికైనా ఇచ్చి పంపు.

ఉతకకు.

మీ అక్క