మామయ్యను లాగిన తాడు

బావమరిదికి,

నడుం నొప్పి తగ్గిందని మీ అక్క చెప్పింది, సంతోషం. ఇక అసలు సంగతి.

నాలాంటి పుస్తకాల పురుగు కూతురు లారీ ఏం నడుపుతుందని, మీ టైర్ల కంపెనీ పరీక్షకు వచ్చినవాళ్ళందరి ముందూ నవ్వావు. తీరా మెత్తటి నేలలో నీ లారీయే ఇరుసు దాకా దిగబడింది. నా కూతురు తన లారీ టైర్లలో కొంత గాలి తీసి, అవి వెడల్పుగా నేలకు ఆనేలా చేసుకుని, నీ పక్కనుంచే దాటింది. ఆపైన నీ తాడే కట్టి నిన్ను బయటికి లాగింది.

అక్కడైనా ఆగావా? తర్వాతి పరీక్షలో, గడ్డకట్టిన మంచు బాట మీదా టైర్లలో గాలి తీసి బయల్దేరావు.

"మామయ్యా, ఇక్కడ ఆ మంత్రం పారదు. సన్నటి గాట్లున్న మెత్త రబ్బరు టైర్లు వేయించు" అని అది మొత్తుకుంది.

"నాకే చెప్పొచ్చావా!" అన్నావు. నీ లారీ బొంగరంలా తిరిగి ఇసుక బస్తాల్లో ఆగింది. నా కూతురు టైర్లు మార్చుకుని గీత గీసినట్టు వెళ్ళింది.

పరీక్షల డ్రైవరుగా దాన్ని తీసుకోవాలో వద్దో రాయాల్సింది నువ్వే. నేను సిఫారసు అడగను. చూసింది చూసినట్టు రాయి, చాలు.

నీ తాడు మా ఇంట్లోనే ఉంది. తిరిగిచ్చెయ్యమంటే, "ఉండనీ నాన్నా, ఉద్యోగం వచ్చాక నా లారీలో పెట్టుకుంటా. మామయ్యకు మళ్ళీ అవసరం పడుతుంది" అంటోంది.

నీ బావ